ఊళ్లో లాయరు మోసం చేస్తే, పరాయి దేశంలో ఉన్నవాళ్లకు ఏ దారి మేలు?

గుంటూరులోనో కరీంనగర్‌లోనో భాగపంపకాల దావా నడుస్తుంటుంది. దావా వేసిన మనిషి డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో ఉంటాడు. కోర్టు ఫీజు అన్నారు, పంపాడు. కమిషనర్ ఖర్చులన్నారు, అవీ పంపాడు. కొన్నాళ్లకు లాయరు గారు ఫోనెత్తడం మానేస్తారు. ఎత్తినా "వాయిదా పడిందండీ" అన్న మాట తప్ప ఇంకోటి రాదు. చివరికి ఊళ్లో ఎవరినో పంపి కనుక్కుంటే అసలు కేసే వేయలేదని తెలుస్తుంది, లేదా వేసిన కేసును ఎప్పుడో కొట్టేశారని తెలుస్తుంది.

కడుపు మండిపోతుంది. "వాడి లైసెన్సు పీకించాలి" అనిపించడం సహజం. కానీ దూరంగా ఉన్నవాళ్లు మొదట చేయాల్సిన పని లాయరు మీద ఫిర్యాదు కాదని నా గట్టి అభిప్రాయం. ముందు కేసును కాపాడుకోవాలి. లాయరుకు శిక్ష ఆర్నెల్లు ఆలస్యమైనా కొంప మునగదు, కేసు విషయంలో నెల ఆలస్యమైతే మునుగుతుంది. మీరు వేసిన దావాను ఎవరూ హాజరు కాలేదని కొట్టేస్తే, తిరిగి తెరిపించే పిటిషన్‌కు గడువు 30 రోజులే. మీ మీద ఎక్స్‌పార్టీ డిక్రీ (మీ తరఫున ఎవరూ లేకుండానే అవతలివాళ్ల మాట విని ఇచ్చిన తీర్పు) అయినా గడువు అంతే. గడువు దాటితే ఆలస్యాన్ని మన్నించమని వేరే పిటిషన్ వేసి, కారణం చూపాలి. లాయరు నిర్వాకానికి అమాయకుడైన కక్షిదారు బలి కాకూడదని సుప్రీంకోర్టు 1981లో రఫీక్ కేసులో చెప్పింది కాబట్టి ఆశ ఉంటుంది. అయితే ఆ తీర్పును పట్టుకుని ఏళ్ల తరబడి నిద్రపోయినవాళ్లను కోర్టులు మన్నించవు.

అందుకే ఫోన్లో అరిచే ముందు, కోర్టు కేసుల వివరాలుండే ఈకోర్ట్స్ సైటు తెరవండి. కేసుకు 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు ఉంటుంది. అది తెలియకపోతే జిల్లా కోర్టు ఎంచుకుని పేరుతో వెతకొచ్చు. హియరింగ్ తేదీల పట్టికలో ఒక్కో తేదీ మీద నొక్కితే ఆ రోజు కోర్టులో ఏం జరిగిందో రెండు లైన్లలో కనిపిస్తుంది. "కాల్డ్ ఆబ్సెంట్" అని వరసగా ఉంటే మీ తరఫున ఎవరూ వెళ్లలేదన్నమాట. చివర "డిస్మిస్డ్ ఫర్ డిఫాల్ట్" అని ఉంటే కొట్టేశారన్నమాట. ఆ పేజీలన్నీ తేదీతో సహా సేవ్ చేసుకోండి, రేపు ఏ దారిలో వెళ్లినా మొదటి సాక్ష్యం అదే. కోర్టు ఆర్డర్ల సర్టిఫైడ్ కాపీకి కూడా వెంటనే దరఖాస్తు పెట్టించండి.

తర్వాత లాయరు మార్పు. పాత లాయరు నో అబ్జెక్షన్ ఇస్తే కొత్త వకాలత్ (మీ తరఫున వాదించమని లాయరుకు రాసిచ్చే పత్రం) దాఖలు చేయడం తేలిక. ఇవ్వకపోతే పాత వకాలత్ రద్దు చేయమని మీరే కోర్టు అనుమతి అడగొచ్చు. "నా బాకీ తీర్చేదాకా కట్ట ఇవ్వను" అనే మాట చాలామంది వింటారు, నిజమేననుకుని డబ్బు కట్టేస్తారు. ఆ హక్కు లాయరుకు లేదు. మధ్యప్రదేశ్‌లో ఒక సహకార బ్యాంకు ఫైళ్లను ఫీజు బాకీ కింద ఆపేసుకున్న లాయరు కేసులో, ఫైళ్లు పట్టి ఉంచుకోవడం వృత్తి దుష్ప్రవర్తనే అని సుప్రీంకోర్టు 2000లో తేల్చింది. ఫీజు రావాల్సి ఉంటే ఆయన దావా వేసుకోవాలి, కాగితాలు మాత్రం ఇచ్చేయాలి. జీపీఏ (మీ బదులు పనులు చేసే అధికారం ఇచ్చే పత్రం) కూడా ఆ లాయరు పేరునే రాసి ఉంటే అదే రోజు రద్దు చేయండి. రద్దు పత్రం రిజిస్టర్ చేయించి, ఆ కబురు సబ్ రిజిస్ట్రార్‌కూ అవతలి పార్టీకీ రాతపూర్వకంగా చేర్చండి.

ఇక ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలన్నది. ముందుగా ఒక దారిని పక్కన పెట్టేద్దాం. డబ్బు తీసుకుని సేవ చేయలేదు కాబట్టి వినియోగదారుల కమిషన్‌కు వెళ్లమని ఇప్పటికీ సలహా ఇచ్చేవాళ్లున్నారు. 2024 మే 14న సుప్రీంకోర్టు ఆ తలుపు మూసేసింది. లాయరు సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని జస్టిస్ బేలా త్రివేది, జస్టిస్ పంకజ్ మిథల్ ధర్మాసనం చెప్పింది. అక్కడ ఫీజు కట్టి కాలం పోగొట్టుకోవద్దు.

మిగిలినవి మూడు: లాయర్ల నమోదు, క్రమశిక్షణ చూసే బార్ కౌన్సిల్, పోలీసులు, సివిల్ దావా.

విదేశంలో ఉన్నవాళ్లకు అన్నింటికంటే అందుబాటులో ఉన్నది బార్ కౌన్సిల్. 1961 నాటి అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద ఫిర్యాదు రాసి, ప్రమాణ పత్రం జతచేసి, కొద్దిపాటి ఫీజుతో పంపొచ్చు. దానికి లాయరును పెట్టుకోవాల్సిన పనే లేదు. ఫిర్యాదు ఆయన ఏ రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో నమోదయ్యారో అక్కడికి వెళ్లాలి. వకాలత్ మీద ఎన్‌రోల్‌మెంట్ నంబరు ఉంటుంది, చూసుకోండి. రాష్ట్రం విడిపోకముందు చేరిన హైదరాబాద్ లాయర్ల నంబరులో ఏపీ అని ఉండొచ్చు, కాబట్టి ఏ కౌన్సిలో కనుక్కున్నాకే పంపండి. ముగ్గురు సభ్యుల క్రమశిక్షణ కమిటీ విచారిస్తుంది. ఏడాదిలో తేల్చాలని చట్టం చెబుతోంది, తేలకపోతే ఫైలు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు బదిలీ అవుతుంది. అంటే ఢిల్లీకి పోయి అక్కడ మళ్లీ మొదలవుతుంది, ఓపిక కావాలి.

ఇక్కడ ఒక విషయం ముందే తెలిసి ఉండాలి. ఆ 35వ సెక్షన్ కమిటీ చేతిలో పెట్టినవి నాలుగే: ఫిర్యాదు కొట్టేయడం, మందలించడం, కొంతకాలం ప్రాక్టీసు ఆపడం, పేరు తీసేయడం. మీ డబ్బు మీకు ఇప్పించే అధికారం ఆ జాబితాలో లేదు. పైన చెప్పిన ఫైళ్ల కేసులో కూడా బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 18 నెలలు ప్రాక్టీసు నిషేధిస్తే, సుప్రీంకోర్టు దాన్ని మందలింపుకు తగ్గించింది. అయినా నేను ఈ దారిని తక్కువ చేయను. నోటీసు చేతికి అందగానే దాచిన కట్టలు బయటికొస్తాయి, మధ్యవర్తులు ఫోన్ చేస్తారు. అప్పుడు "ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే డబ్బు ఇస్తాను" అంటే తొందరపడి మాటివ్వకండి. రాజీ అయిందనో, ఫిర్యాది వెనక్కి తగ్గాడనో ఆ ఒక్క కారణంతోనే విచారణ ఆపకూడదని బార్ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది. కాబట్టి ఆ మాట నిలబెట్టుకోవడం పూర్తిగా మీ చేతిలో లేదు.

కేసు ఓడిపోయారని మాత్రం బార్ కౌన్సిల్‌కు వెళ్లకండి. ఓడిపోవడం దుష్ప్రవర్తన కాదు, వాదన బలహీనంగా ఉండటమూ కాదు. డబ్బు తీసుకుని దాఖలు చేయకపోవడం, కక్షిదారుకు వచ్చిన సొమ్ము తన దగ్గరే పెట్టుకోవడం, అవతలి పక్షంతో చేతులు కలపడం లాంటివి అక్కడ నిలుస్తాయి.

పోలీసుల దారి బలమైనదే, కానీ దూరం నుంచి నడిపించడం కష్టం. మోసం, నమ్మకద్రోహం భారతీయ న్యాయ సంహితలో 318, 316 సెక్షన్లు. జరిగింది 2024 జులై 1కి ముందైతే పాత ఐపీసీ 420, 406, 409 వర్తిస్తాయి. కొత్త విధానంలో ఈమెయిల్ లాంటి ఎలక్ట్రానిక్ మార్గంలోనూ సమాచారం ఇవ్వొచ్చు, అయితే మూడు రోజుల్లో సంతకం చేయాలి. షార్జాలో లేబర్ క్యాంపులో ఉన్నవాడికి ఆ మూడు రోజులు ఎక్కడివి? అందుకే ఊళ్లో విషయం తెలిసిన అన్నో బావో స్టేషన్‌కు వెళ్లి ఫిర్యాదు ఇవ్వడం నయం, నేరం గురించి తెలిసిన ఎవరైనా చెప్పొచ్చు. స్టేషన్‌లో మొదట వినపడే మాట "ఇది సివిల్ మేటరండీ". తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు.

ఫీజు తిని పని చేయని లాయరు మీద ఈ దారిని నేను మొదట సూచించను. కానీ మీ సంతకం ఫోర్జరీ చేసినా, లేని కోర్టు ఆర్డరును సృష్టించి వాట్సాప్‌లో పంపినా, నష్టపరిహారం చెక్కు తన ఖాతాలో వేసుకున్నా, జీపీఏతో మీ స్థలం అమ్మేసినా ఇంకేం ఆలోచించకండి. మొదటి రోజే పోలీసుల దగ్గరికి వెళ్లాలి. అక్కడ బార్ కౌన్సిల్ రెండో అడుగు మాత్రమే.

సివిల్ దావాతోనే డబ్బు చట్టప్రకారం వసూలవుతుంది. మామూలుగా మూడేళ్ల గడువు. మోసాన్ని దాచిపెట్టి ఉంటే అది బయటపడిన రోజు నుంచి లెక్క. కోర్టు ఫీజు మీరు అడిగే మొత్తాన్ని బట్టి ఉంటుంది కాబట్టి యాభై వేల కోసం ఈ తలనొప్పి అక్కర్లేదు, ఇరవై లక్షలైతే తప్పదు. చిక్కంతా సాక్ష్యం దగ్గర. నాన్నగారి పేరున జీపీఏ రాసి "ఆయన చూసుకుంటారు" అనుకుంటే కుదరదు. మీకు, లాయరుకు మధ్య ఫోన్లో జరిగిన మాటలకు మీరే సాక్షి, ఏజెంటు మీ బదులు సాక్ష్యం చెప్పలేడని 2004లో జానకీ భోజ్వానీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వీడియో కాన్ఫరెన్స్‌లో సాక్ష్యం ఇవ్వడానికి అనుమతి అడగొచ్చు, లేదంటే సెలవు పెట్టి రావాలి.

జీపీఏ విషయంలో అమెరికాలో ఉన్నవాళ్లకు నోటరీ, అపోస్టిల్ (పత్రం వేరే దేశంలో చెల్లేలా అక్కడి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) దారి ఉంది. యూఏఈ, కువైట్, ఖతార్‌లో ఉన్నవాళ్లకు భారత ఎంబసీయో కాన్సులేటో దిక్కు. కాగితం ఇండియా చేరిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించాలి, అది మరిచిపోతే కోర్టులో ఆ జీపీఏ దగ్గరే కేసు ఆగుతుంది. వాట్సాప్ చాట్లు, బ్యాంకు ట్రాన్స్‌ఫర్లు ఉన్న ఫోన్‌ను మార్చేయకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం (కొత్త సాక్ష్య చట్టం) 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి, ప్రింటు తీసిన స్క్రీన్‌షాట్లు మాత్రమే చూపిస్తే అవతలివాళ్లు తేలిగ్గా కొట్టిపారేస్తారు.

మొత్తానికి నా ఎంపిక ఇలా ఉంటుంది. కేసు వేయలేదు, వాయిదాలకు పోలేదు, కట్ట ఇవ్వట్లేదు అనేవాటికి స్పీడ్ పోస్టులో నోటీసు, పదిహేను రోజుల గడువు, ఆపైన బార్ కౌన్సిల్. సొమ్ము కాజేయడం, ఫోర్జరీ ఉంటే పోలీసులు ముందు. మొత్తం పెద్దదై, బ్యాంకు ద్వారా పంపిన రుజువు ఉంటే దానితో పాటు సివిల్ దావా. నగదుగా ఇచ్చి రసీదు లేనివాళ్లకు సివిల్ దావా చాలా కష్టం. వాళ్లు ఆ లాయరుతో మాట్లాడిన ఆఖరి చాట్లలోనైనా మొత్తం ఎంతో ఆయన చేత ఒప్పించి రాయించుకోవాలి.

ఇంకొక్క మాట. చిన్న ఊళ్లలో ఒక లాయరు మీద కేసు పట్టడానికి అదే బార్‌లోని ఇంకో లాయరు జంకుతాడు. రోజూ ఒకే చెట్టు కింద టీ తాగే మనుషులు వాళ్లు, తప్పు పట్టలేం. తెనాలి కేసైతే విజయవాడ నుంచో, జగిత్యాల కేసైతే హైదరాబాద్ నుంచో లాయరును మాట్లాడుకోండి. ఫీజు ఎంత, ఏ పనికి అన్నది ఈసారి ఈమెయిల్‌లో రాయించుకోండి. డబ్బు ఆయన పేరున ఉన్న ఖాతాకే పంపండి, గుమాస్తా నంబరుకు వద్దు.