పెంకు పల్చనైతే: ఆల్చిప్పలా, గుడ్డు పెంకులా?

పెరటి కోళ్లు తోలుగుడ్లు (పెంకు గట్టిపడని మెత్తటి గుడ్లు) పెడుతుంటే ఇంట్లో మిగిలిన గుడ్డు పెంకులు వేయాలా, ఆల్చిప్పల ముక్కలు కొనాలా? రెండింట్లోనూ ఉన్నది దాదాపుగా కాల్షియం కార్బొనేటే, తేడా అంతా ముక్క సైజులో ఉంది. గుడ్డుకి పెంకు కట్టడానికి ఇంచుమించు 20 గంటలు పడుతుంది, అందులో చాలా భాగం కోడి మేత ముట్టని రాత్రిపూటే; ఆల్చిప్ప ముక్క కందనకాయలో ఆగి మెల్లగా కరుగుతూ ఆ టైమ్‌కి అందుతుంది, మెత్తగా నూరిన పెంకు పొడి త్వరగా దాటిపోతుంది. నా ఓటు ఆల్చిప్పలకే. పెంకులు ఫ్రీ, సరే, కానీ బాగా వేయించి నలపాలి (పచ్చివైతే సాల్మొనెల్లా బ్యాక్టీరియా భయం, పైగా గుడ్లు పొడుచుకు తినే అలవాటు పడొచ్చు). ఏది వేసినా మేతలో కలపకుండా విడి గిన్నెలో పెట్టండి, కోడిపిల్లలు ఎక్కువగా తింటే వాటి కిడ్నీలు దెబ్బతింటాయి. మే ఎండకి రొప్పుతూ పల్చటి పెంకు పెట్టే కోడికైతే రెండూ పెద్దగా పనిచేయవు, ముందు నీడ, చల్లటి నీళ్లు చూడండి.