ఉచిత హోస్టింగ్: ముప్పై సెకన్ల కాపురం

మా ఊరి గ్రంథాలయం జాబితాను ఆన్‌లైన్లో పెడదామని ఒక ఉచిత షేర్డ్ హోస్టింగ్ (ఒకే సర్వర్‌ను చాలా సైట్లు పంచుకునే సేవ) తీసుకున్నాను. పేరెందుకులెండి, పైసా కట్టలేదు కదా.

మామూలు పేజీలు చకచకా వస్తాయి. చిక్కల్లా 9,200 పుస్తకాల సీఎస్వీ ఫైలును (కామాలతో విడదీసిన పట్టికను) డేటాబేస్‌లోకి ఎక్కించేటప్పుడు వచ్చింది. కాసేపు తిరిగి తెల్ల పేజీ. చూస్తే 2,137 పుస్తకాలే ఎక్కాయి. తెలివితక్కువగా మళ్లీ నొక్కాను, అవే రెండోసారి ఎక్కాయి!

సైటును నడిపే భాష పీహెచ్‌పీ. దాని సెట్టింగులు చూపే ఇన్ఫో పేజీ తీస్తే, ఒక ప్రోగ్రాం నడవగల గరిష్ఠ సమయం 30 సెకన్లు. గడియారంలో మాత్రం దాదాపు నిమిషం నడిచింది. లైనక్స్ సర్వర్లలో డేటాబేస్ జవాబు కోసం ఆగిన సమయాన్ని పీహెచ్‌పీ ఆ లెక్కలో వేసుకోదు మరి. పోనీ పరిమితి పెంచుదామంటే, అందుకు వాడే సెట్ టైమ్ లిమిట్ ఫంక్షన్‌నే మూసేశారు. పనులను వేళకు దానంతటదే నడిపే క్రాన్ సదుపాయమేమో డబ్బు కట్టినవాళ్లకేనట. అడిగితే సపోర్టువాళ్లు ప్లాన్ మార్చుకోమన్నారు, అదీ మూడో రోజున.

చివరికి విడతకు 300 వరుసలు చేశాను. ఎక్కడ ఆగిందో ఒక టేబుల్‌లో రాసుకుని, పేజీ తనంతట తానే రీలోడ్ అయ్యేలా పెట్టాను. ఒక్కో విడతను ఒకే ట్రాన్సాక్షన్‌లో (వరుసలన్నిటినీ కలిపి ఒక్కసారే ఖాయం చేసే పద్ధతిలో) చుట్టాక వేగం కళ్లకు కట్టినట్టు తెలిసింది. అంతకుముందు ప్రతి వరుసకీ డిస్కు మీద విడిగా రాస్తోంది పాపం. 31 విడతలు, టీ తాగొచ్చేలోపు పూర్తి.

చిన్న సైటుకైతే ఈ హోస్టింగ్‌కు మూడు స్టార్లిస్తాను. బ్యాకప్ కూడా ఇలాగే ముక్కలుగా తీసుకోవాలి, అది మాత్రం విసుగే.