క్యారవాన్‌లో పక్క: మెత్తగా ఉంటే చాలదు, పొద్దెక్కేసరికి ఆరాలి

మైపాడు దగ్గరో కొత్తపట్నం దగ్గరో సముద్రం ఒడ్డున క్యారవాన్ ఆపి అందులోనే పడుకున్న మర్నాడు, పొద్దున్నే పరుపు ఒక మూల పైకెత్తి కింది చెక్క మీద అరచెయ్యి ఆనించి చూడండి. చల్లగా, చెమ్మగా తగులుతుంది. వాన పడలేదు, నీళ్లు ఒలకలేదు. రాత్రంతా ఒంట్లోంచి వచ్చిన చెమట ఆవిరై పరుపులోంచి కిందికి దిగి, చల్లబడ్డ చెక్కను తాకి నీరైంది. ఇంట్లో మంచం కింద గాలి ఆడుతుంది కాబట్టి ఆ చెమ్మ నిలవదు. క్యారవాన్‌లో మంచమంటే చాలాసార్లు సామాన్ల పెట్టె మీది మూతే. అందుకే ఈ కోస్తాలో తిరిగే బండికి పక్కబట్టలు కొనేటప్పుడు ఎంత మెత్తగా ఉందన్నది తర్వాత, ఎంతసేపట్లో ఆరుతుందన్నది ముందు చూడాలి. పరుపుల షాపుల్లో దొరికే రకాలను ఆ లెక్కనే చూసి చెబుతున్నాం.

షాపువాళ్లు మొదట చూపించేది మామూలు పీయూ (పాలీయురెథేన్) ఫోమ్, అంటే స్పాంజి. మా ఓటు కూడా దానికే. అయితే 40 డెన్సిటీ ఉండాలి, 4 అంగుళాల మందం ఉండాలి. ఎప్పుడో నెలకొక రాత్రి పడుకునే బండికి 32 డెన్సిటీ సరిపోతుంది. రోజూ పడుకుంటే మాత్రం నడుము ఆనే చోట తొందరగా గుంట పడుతుంది. డెన్సిటీ అంటే గట్టిదనమని చాలామంది అనుకుంటారు. ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందో అదే డెన్సిటీ. 40లోనే మెత్తనిదీ ఉంటుంది, గట్టిదీ ఉంటుంది. డెన్సిటీ మన్నికను చెబుతుంది, గట్టిదనం వేరే అడిగి తెలుసుకోవాలి.

ఇక్కడే మోసపోతాం. 24 డెన్సిటీ ముక్కను 32 అని అంటగడితే కంటితో పట్టలేం. అందుకని తూకం వేయించండి. 72 అంగుళాల పొడవు, 24 వెడల్పు, 4 మందం ఉన్న ముక్క 40 డెన్సిటీదైతే నాలుగున్నర కిలోలు తూగాలి. 32 అయితే 3 కిలోల 600 గ్రాములు. 24 అయితే 2 కిలోల 700 గ్రాములే వస్తుంది. పరుపు గుడ్డ తొడగక ముందే తూచాలి, తొడిగాక గుడ్డ బరువూ జిప్పు బరువూ కలిసిపోయి లెక్క తప్పుతుంది. పక్కనున్న కిరాణా కొట్లో కాటా మీద పెట్టినా చాలు. తూకం వద్దనే షాపులో కొనకండి. ఆ తర్వాత ముక్కను నేల మీద పరిచి, ఒక మోకాలు ఆనించి ఒంటి బరువంతా వేయండి. మోకాలికి నేల తగిలితే ఆ మందం మీకు చాలదు.

రీబాండెడ్ ఫోమ్, అంటే తునకలన్నీ కలిపి అదిమి చేసింది, నడుం నొప్పి ఉన్నవాళ్లకు బాగుంటుందని అంటగడతారు. గట్టిగా ఉంటుంది, నిజమే. కానీ ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, 4 అంగుళాల మందం పరుపు 90 డెన్సిటీలో 20 కిలోలు దాటుతుంది. రోజూ దాన్ని ఎత్తి కింద పెట్టెలోంచి సామాను తీయడం ఎవరికీ సాధ్యం కాదు, తడిస్తే తొందరగా ఆరదు కూడా. గట్టిదనమే కావాలంటే అది 2 అంగుళాలు అడుగున, మామూలు ఫోమ్ 2 అంగుళాలు పైన వేయించుకోవడం మేలు.

మెమరీ ఫోమ్, అంటే ఒంటి ఆకారానికి తగ్గట్టు కుంగేది, మన ఎండలకు పనికిరాదని ఖండితంగా చెబుతాం. వేడికి అది మెత్తబడుతుంది. రోహిణి కార్తెలో పగలంతా ఎండలో నిలిపిన బండిలో రాత్రి దాని మీద పడుకుంటే ఒళ్లు లోపలికి దిగబడి, చుట్టూ గాలి అందక చెమట్లు కారతాయి. అదే పరుపు నల్లమల చలిలో తెల్లారేసరికి చెక్కలా బిగుసుకుంటుంది. కొబ్బరి పీచు పరుపు గాలి బాగా ఆడనిస్తుంది, ఆరడంలో దాన్ని మించింది లేదు. కదలని మంచమైతే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. పగలు సీటుగా మడిచే పక్కకు మాత్రం వద్దు, మడత దగ్గర పీచు విరిగి గుల్లవుతుంది. గాలి పరుపు అదనంగా వచ్చిన చుట్టానికి ఒక రాత్రికి సరే. మధ్యాహ్నం వేడిలో నిండుగా ఊదితే రాత్రి చల్లబడి సడలిపోతుంది, రాత్రి బిగువుగా ఊది మర్నాడు ఎండలో వదిలేస్తే అతుకు ఊడుతుంది.

బూరుగుదూది పరుపు మీద మనవాళ్ల మమకారం మాకు తెలుసు. ఇంటి మేడ మీద ఎండేసుకునే వీలుంటే దానికి సాటి లేదు. బండిలో ఆ వీలు లేదు. దూది చెమ్మ పీల్చుకుని బరువెక్కుతుంది, నాలుగు రోజులు ఎండ చూపకపోతే ముక్క వాసన మొదలై ఉండలు కడుతుంది. దానికి బదులు ఒక పని చేయండి. పాత నూలు చీరలు నాలుగైదు పొరలు వేసి కుట్టిన బొంతను ఫోమ్ మీద పరచండి. ఒంటికి ఫోమ్ వేడి తగలదు, చెమట బొంతే పీల్చుకుంటుంది, బకెట్ నీళ్లలో ఉతకొచ్చు, తాడు మీద వేసి ఆరబెట్టొచ్చు. పరుపు పాడవకుండా పైన తొడగడానికి షాపులో అమ్మే ఏ మ్యాట్రెస్ ప్రొటెక్టరూ ఈ కోస్తాలో దానికి సాటి రాదు. అడుగున రబ్బరు పొర ఉన్న ప్రొటెక్టరైతే అసలే వద్దు. కింద ఫోమ్‌కు చెమట అంటదు గానీ, రాత్రంతా మీరు ఆ చెమటలోనే ఉంటారు.

ఇక పరుపు కింది సంగతి. మంచం చెక్క 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అయితే వడ్రంగి చేత 30 మిల్లీమీటర్ల రంధ్రాలు, ఐదారు అంగుళాలకొకటి చొప్పున వేయించండి. చెక్క బద్దల మంచమైతే రెండున్నర అంగుళాల వెడల్పు బద్దలు, మధ్య సందు 2 అంగుళాలు. సందు 3 అంగుళాలు దాటిందంటే ఫోమ్ అందులోకి దిగి పైన గాడులు తెలుస్తాయి. రంధ్రాలు ఉన్నా కింద పెట్టెను సామాన్లతో కుక్కేస్తే గాలి ఆడదు, పైన నాలుగు వేళ్ల ఖాళీ వదలండి. పరుపుకూ బండి గోడకూ మధ్య కూడా వేలెడు సందు కావాలి. రేకు గోడ రాత్రి చల్లబడి నీరు పట్టేది అక్కడే, నల్లటి బూజు మొదలయ్యేదీ ఆ అంచునే.

కొలతలు టేపుతో తీసుకుంటే చాలదు. చక్రం గూడు దగ్గర మూల కోసి ఉంటుంది, గోడ పైకి పోయేకొద్దీ లోపలికి వాలుతుంది. పాత న్యూస్‌పేపర్లు అంటించి మంచం మీద పరిచి, అంచుల వెంట కత్తిరించి, ఆ నమూనా మీద ‘పైవైపు’ అని రాసి షాపుకు తీసుకెళ్లండి. రాయకపోతే కోత తిరగబడుతుంది, కోసిన ఫోమ్ వెనక్కి తీసుకోరు. ఫోమ్ షీటు 36 అంగుళాల వెడల్పులో దొరికితే, నాలుగడుగుల పక్కకు 12 అంగుళాల ముక్క అతకాలి. ఆ అతుకు గోడవైపు రావాలి, మధ్యలో రాకూడదు. రబ్బరు జిగురు పైనుంచి ఒక అంగుళం వదిలి కిందే పూయమనండి. అంచు దాకా పూస్తే ఆరాక అది గీతలా గట్టిపడి వీపుకు తగులుతుంది.

సీట్లూ టేబులూ కలిపి మంచం చేసే బండ్లలో అసలు బాధ సందులే. తుంటి కింద అడ్డంగా సందు వస్తే ఎంత మంచి ఫోమైనా నిద్ర పట్టదు. వాటి మీద ఒకే ముక్కగా 2 అంగుళాల పరుపు పరుచుకోవడం ఒక్కటే మార్గం. డబ్బు పెట్టగలిగితే ఇక్కడ లేటెక్స్ (రబ్బరు నురగ పరుపు) తీసుకోండి, రంధ్రాలుంటాయి కాబట్టి గాలి ఆడుతుంది, గుంట పడదు. కొనే ముందు పగలు దాన్ని ఎక్కడ పెడతారో చూసుకోండి. ఆరడుగుల పొడవు చుడితే 14 అంగుళాల లావు చుట్ట అవుతుంది, ఆ చుట్ట పొడవు మీ పక్క వెడల్పంత.

దుప్పట్లు నూలువే. 180 నుంచి 220 త్రెడ్ కౌంట్ (చదరపు అంగుళంలో పడుగు, పేక కలిపి ఉండే పోగుల లెక్క) మామూలు నేత చాలు. 400, 600 అని గొప్పగా రాసినవి ఒత్తైన నేత వల్ల గాలి ఆడక ఉక్కపోస్తాయి. మైక్రోఫైబర్ జారుతుంది, ఒంటికి అతుక్కుంటుంది. చీరాల నేత దుప్పటి దొరికితే అదే తీసుకోండి. ఎలాస్టిక్ వేయించేట్టయితే ముందు గుడ్డను ఒకసారి ఉతికి ఆరేశాకే దర్జీకి ఇవ్వండి. నూలు మొదటి ఉతుకులో నూటికి మూడు నుంచి ఐదు వంతులు కుంచించుకుపోతుంది, అంటే 72 అంగుళాలకు రెండు నుంచి మూడున్నర అంగుళాలు పోయి మూలలు ఊడి వస్తుంటాయి. సముద్రంలో మునిగొచ్చి ఉప్పు ఒంటితో పడుకుంటే ఆ దుప్పటి ఎంత ఆరేసినా మళ్లీ చెమ్మగిల్లుతుంది. ఉప్పు గాలిలోని తేమను లాక్కుంటుంది కదా. మంచినీళ్లలో జాడించాల్సిందే.

దిండ్లు ఫైబర్‌వి రెండు, గలీబులు నాలుగు. అంతకుమించి చెప్పేదేం లేదు. బండి వాలుగా ఆగితే తల ఎత్తువైపు పెట్టుకోండి.

శ్రీశైలం దారిలో రాత్రిపూట అడవి గేటు మూస్తారు కాబట్టి దోర్నాలలోనే ఆగేవాళ్లు ఎక్కువ. మార్గశిరం, పుష్యంలో అక్కడ ఒక్కొక్కరికి ఒక రగ్గు కావాలి. చలి కింది నుంచి కూడా వస్తుంది, బద్దల మీద ఒక జంపఖానా పరిచి దాని మీద పరుపు వేయండి. స్లీపింగ్ బ్యాగు కొనాల్సినంత చలి మన దగ్గర లేదు.

దోమల కాయిల్ బండి లోపల వెలిగించొద్దు. ఫోమ్ అంటుకుంటే వచ్చే పొగ నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. కిటికీలకు జాలీ, పక్క మీద దోమతెర, అంతే.

ఫోమ్‌నూ లేటెక్స్‌నూ నీడలో గాలికి ఆరబెట్టాలి, ఎండకు పసుపెక్కి పొడి రాలతాయి. నూలు, బొంతలు మాత్రం ఎండలోనే. కార్తీకంలో తుపాను ముసురు పట్టి ఎండే లేని రోజుల్లో పరుపును నిలువుగా గోడకు ఆనించి, జిప్పు తీసి, అడుగువైపుకు అరగంట ఫ్యాన్ పెట్టండి. గుడ్డ లోపల చెయ్యి పెట్టి, పొడిగా తగిలాకే మళ్లీ పరచండి.