ఒక్క రూపాయి సీరియల్ యాప్‌లతో జాగ్రత్త: పిన్ కొట్టే ముందు ఇది చదవండి

ఒక్క రూపాయికి వారం రోజులు చూడొచ్చంటే తెనాలిలో మా అమ్మ యూపీఐ పిన్ కొట్టింది. మూడు నెలల్లో నాన్న పెన్షన్ ఖాతాలోంచి 1,498 రూపాయలు పోయాయి. పండక్కి వెళ్లినప్పుడు పాస్‌బుక్ ప్రింట్ చేయిస్తే బయటపడింది. వరుసగా మూడు నెలలు, నెలకో 499.

యాప్ పేరు రాయను. రాస్తే అదొక్కటే చెడ్డదనుకుంటారు, ఇదే పద్ధతిలో నడిచేవి బోలెడున్నాయి. ఫోన్ నిలువుగా పట్టుకుని చూసే రెండు నిమిషాల ఎపిసోడ్ల డ్రామాలు లేవూ, అవే. చైనాలో ఊపందుకున్న వ్యాపారం ఇది. 2024లో అక్కడ వీటి రాబడి సినిమా హాళ్ల వసూళ్లనే దాటేసింది. ఇప్పుడు తెలుగులోనూ దిగాయి. డ్రైవర్ వేషంలో కోటీశ్వరుడు, కోడలి మీద చెయ్యెత్తే అత్త. ఆ చెయ్యి చెంప దాకా వచ్చాక ఆపేసి, మిగతా కథకు రూపాయి కట్టమంటారు. కథల మీద నాకేం కోపం లేదు. అమ్మకు నచ్చాయి, చూసుకోనీ. (మనం చూసే వెబ్ సిరీస్‌లు మాత్రం ఏం గొప్ప?) నా గొడవంతా ఆ రూపాయితోనే.

ఆ స్క్రీన్ మళ్లీ తెరిచి చూశాను. మధ్యలో బొటనవేలంత అంకె, రూ. 1. కింద పసుపు రంగు బటన్. దాని కింద, నల్లటి స్క్రీన్ మీద బూడిద రంగులో, చీమల బారులా ఒక లైను: 7 రోజుల తర్వాత నెలకు రూ. 499. అమ్మ కళ్లద్దాలు పెట్టుకున్నా అది కనపడదు. బటన్ నొక్కితే యూపీఐ యాప్ తెరుచుకుంటుంది. అక్కడ ఆటోపే (ఖాతాలోంచి డబ్బు దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు) అని ఉంటుంది, నెలనెలా అని ఉంటుంది, గడువు 2055 దాకా అనీ ఉంది. అంతా ఇంగ్లీషులోనే. రూపాయే కదా అని పిన్ కొట్టేస్తాం. ఆ తర్వాత 15,000 లోపు అయితే ప్రతి నెలా మళ్లీ పిన్ అడగరు.

"అది తీసేసి చాలా రోజులైంది కదరా" అంది అమ్మ. చాలామంది మోసపోయేది ఇక్కడే. యాప్ డిలీట్ చేస్తే ఆటోపే ఆగదు. డబ్బు కట్ కావడానికి 24 గంటల ముందు మెసేజ్ రావాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. వచ్చింది కూడా, లోన్ ఆఫర్ల మెసేజ్‌ల మధ్యలో.

ఆపాలంటే మీ యూపీఐ యాప్‌లో ప్రొఫైల్‌లోకి గానీ పేమెంట్ సెట్టింగుల్లోకి గానీ వెళ్లి ఆటోపే వెతకండి. యాక్టివ్ అని ఉన్నవన్నీ వరసగా కనిపిస్తాయి. అక్కర్లేనిది రద్దు చేయండి. రద్దుకు కూడా పిన్ అడిగితే మళ్లీ డబ్బు పోతుందేమోనని కంగారు పడకండి. ప్లే స్టోర్ ద్వారా కట్టినవి ఇక్కడ కనిపించకపోవచ్చు, అక్కడ సబ్‌స్క్రిప్షన్లలో విడిగా చూసుకోవాలి.

ఇక కస్టమర్ కేర్ అంటారా, ఫోన్ నంబరే లేదు. మెయిల్ పెడితే నాలుగు రోజులకు జవాబొచ్చింది: మీరు నిబంధనలు అంగీకరించారు, రీఫండ్ కుదరదు. ఇలా చేరడం సులువు, బయటపడటం కష్టం చేసే సబ్‌స్క్రిప్షన్ వలలను కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరులోనే డార్క్ ప్యాటర్న్‌ల, అంటే కస్టమర్లను బురిడీ కొట్టించే యాప్, వెబ్‌సైట్ ఎత్తుగడల జాబితాలో చేర్చింది. మొత్తం 13 రకాల్లో ఇదొకటి. అందుకే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. డబ్బు ఇంకా రాలేదు.

ఇది రాసే ముందు నా ఫోన్‌లో కూడా ఆటోపే తెరిచి చూశాను. ఏదో జాతకాల యాప్, నెలకు 199. ఎప్పుడు ఒప్పుకున్నానో గుర్తే లేదు. అమ్మకు మాత్రం చెప్పలేదు.