వదిలేసిన సెల్లార్ గుంత: తోడుతూ ఉంచాలా, పూడ్చాలా, గోడలకు దన్ను ఇవ్వాలా?

హైదరాబాద్‌లో రెండు సెల్లార్లకు తవ్వి వదిలేసిన గుంత అంటే ఇరవై అడుగులు దాటిన లోతు. బిల్డర్ దగ్గర డబ్బు అయిపోయిందో, భాగస్వాములు కోర్టుకెక్కారో, పక్క అపార్ట్‌మెంట్ పునాదికి ఆ తేడా తెలియదు. పని మళ్లీ ఎప్పుడు మొదలవుతుందో తేలనప్పుడు ఉన్న దారులు నాలుగు: చుట్టూ రేకులు కట్టి నీళ్లు తోడుతూ ఉండటం, మొత్తం పూడ్చేయడం, గోడలకు సాయిల్ నెయిలింగ్ (మట్టిలోకి ఇనుప కడ్డీలు దించి బిగించడం) చేయించడం, కట్టడాలున్న వైపు మాత్రం లోపలి నుంచి మట్టికట్ట పోయడం. లెక్క సులువుగా ఉండటానికి 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు, 7 మీటర్ల లోతున్న గుంతను తీసుకుందాం.

ముందు మట్టి సంగతి. మన దగ్గర చాలాచోట్ల పైన కొంత పోసిన మట్టి, కింద మొరం, దాని కింద మెత్తబడిన రాయి, అడుగున షీట్ రాక్ అనే గట్టి బండ. ఎండాకాలంలో మొరం నిటారుగా, కత్తితో కోసినట్టు నిలబడుతుంది. దాన్ని చూసే అందరూ మోసపోతారు. అక్కడ పట్టి ఉంచుతున్నది చాలావరకు రేణువుల మధ్యనున్న కొద్దిపాటి తేమే. వాన బాగా ఇంకితే ఆ పట్టు పోతుంది. దాని మొదటి గుర్తు గుంతలో కాదు, పక్కవాళ్ల పార్కింగ్‌లో కనిపిస్తుంది: అంచుకు సమాంతరంగా, ప్రహరీకీ ఫ్లోరింగ్‌కీ మధ్య సన్నటి పగులు. అది 2 మీటర్ల లోతుకు దిగి నీళ్లతో నిండితే, ప్రతి మీటరు పొడవుకీ సుమారు 2 టన్నుల తోపుడు గుంత వైపు పడుతుంది.

రేకులూ మోటారూ అన్నిటికన్నా చవక. గుంతంతా షీట్ రాక్‌లో ఉండి, రాతిలో వదులు పలకలు లేకపోతే ఇదే చాలు. మొరం గోడలైతే మాత్రం ఇది పని జరుగుతున్నట్టు కనిపించే ఏర్పాటే. 600 చదరపు మీటర్ల గుంతలో ఒక మీటరు నీళ్లంటే 6 లక్షల లీటర్లు. 5 హెచ్‌పీ మోటారు గంటకు 40 వేల లీటర్లు తోడినా 15 గంటలు పడుతుంది, అదీ కరెంటు ఉంటే. పని ఆగిన సైటులో మొదట పోయేది టెంపరరీ కనెక్షన్, ఆ తర్వాత వాచ్‌మన్.

ఇందులో తెలియక చేసే పెద్ద తప్పు ఇంకోటుంది. నెలల తరబడి నీళ్లు నిలిచిన గుంతను రెండు పెద్ద మోటార్లు పెట్టి ఒక్కరోజులో ఖాళీ చేయడం. లోపలి నీళ్లు అప్పటిదాకా గోడలను ఆనుకుని ఉంటాయి. అవి పోయేసరికి మట్టి ఇంకా తడితో బరువుగానే ఉంటుంది, అటునుంచి దన్ను ఉండదు. గోడ కూలేది అప్పుడే. రోజుకు ఒక అడుగు చొప్పున దించితే మట్టిలోని నీరు కూడా కిందికి దిగడానికి వ్యవధి దొరుకుతుంది. ఈలోగా దోమల పనికి గంబూసియా చేపలు వదలడం మేలు. ఆయిల్ బాల్స్ (నూనెలో నానబెట్టిన ఉండలు) చిన్న మడుగులకు సరిపోతాయి కానీ ఇంత చెరువుకు చాలవు. రేకుల స్తంభాలు అంచుకు కనీసం మీటరున్నర వెనక పాతాలి. వాటికి ఫ్లెక్సీ కట్టారంటే గాలి పట్టి కంచె మొత్తం గుంతలోకే ఒరుగుతుంది.

పూర్తిగా పూడ్చడం వినడానికి తేలిక. మన గుంతకు గట్టిపరచిన మట్టి 4,200 ఘనపు మీటర్లు కావాలి. వదులు మట్టి పావు వంతు ఎక్కువ లెక్కేస్తే 5,250. టిప్పర్‌కు 10 చొప్పున 525 ట్రిప్పులు. ముందు నీళ్లూ బురదా తీసేయాలి, తర్వాత 20-25 సెంటీమీటర్ల పొరలుగా పోసి రోలర్ తిప్పాలి. ప్రహరీ దగ్గర రోలర్ వద్దు, ప్లేట్ కాంపాక్టర్‌తో ఇంకా పల్చటి పొరలు వేయాలి. నిజంగా జరిగేది వేరు: ఊళ్లోని ఇళ్ల కూల్చివేత చెత్తంతా అంచు నుంచి దొర్లిస్తారు, వెనకే తడిచెత్త వస్తుంది, అది ఏళ్లపాటు కుంగుతుంది. ప్రాజెక్టు శాశ్వతంగా రద్దయిందని కాగితం మీద తేలితేనే ఈ ఖర్చుకు అర్థం.

సాయిల్ నెయిలింగ్‌కు మంచి పేరుంది. మట్టిలోకి 10-15 డిగ్రీల వాలుతో రంధ్రాలు వేసి, 20 లేదా 25 ఎంఎం కడ్డీలు పెట్టి, సిమెంట్ గ్రౌట్ నింపి, పైన జాలీ కట్టి షాట్‌క్రీట్ (పైపుతో చిమ్మే కాంక్రీటు) కొడతారు. చిక్కులు మూడు. కడ్డీలు పక్క స్థలంలోకి దూరతాయి కాబట్టి వాళ్ల అనుమతి కావాలి, వాళ్ల బోర్‌వెల్, సంపు ఎక్కడున్నాయో చూడాలి. తాత్కాలిక నెయిల్స్‌ను రెండు మూడేళ్ల కోసమే డిజైన్ చేస్తారు. పనే ఆగిన సైటులో అది ఇట్టే గడిచిపోతుంది. మూడోది అసలైనది: ఇది పైనుంచి కిందికి తవ్వుతూ చేయాల్సిన పని. ఇప్పటికే 7 మీటర్లు నిటారుగా తెరిచిన గోడకు డ్రిల్లింగ్ మెషిన్ ఆనాలంటే ముందు మట్టి పోసి ఎత్తు చేయాలి.

ఎలాగూ ఆ మట్టి పోయాల్సిందే కాబట్టి మట్టికట్టతోనే మొదలుపెట్టడం తెలివి. అపార్ట్‌మెంట్ ఉన్న 30 మీటర్ల వైపు, 5 మీటర్ల ఎత్తు, పైన 2 మీటర్ల వెడల్పు, 1కి 1.5 వాలు (మీటరు ఎత్తుకు మీటరున్నర అడ్డం) అనుకోండి. అడుగు వెడల్పు 9.5 మీటర్లు అవుతుంది. గట్టిపరచిన మట్టి సుమారు 860 ఘనపు మీటర్లు, అంటే 108 ట్రిప్పులు. పూర్తి పూడికలో అయిదో వంతు. మొరం వాడండి, నల్లరేగడి వద్దు. కట్ట అడుగున ఒక అడుగు మందాన రాళ్లు పరిస్తే వెనకనుంచి ఊరే నీరు గుంత అడుగున మోటారు పెట్టిన చిన్న గుంటలోకి వస్తుంది. మోటారు ఇంకా కావాలి కానీ ఒకరోజు ఆగితే గోడ పోదు. కట్ట పైనున్న రెండు మీటర్ల మట్టిని కూడా నిటారుగా వదలకూడదు, చోటుంటే వాలుగా చెక్కాలి.

రాఫ్ట్ (అడుగంతా పరిచే కాంక్రీటు పునాది) వేసి, సెల్లార్ గోడలు లేపి ఆపేసిన సైటు వేరే కేసు. గోడకూ రాతికీ మధ్య సందులో వాననీరు నిండితే ప్రతి మీటరు ఎత్తుకూ చదరపు మీటరుకు ఒక టన్ను చొప్పున సెల్లార్‌ను కింది నుంచి ఎత్తుతుంది. పైన అంతస్తుల బరువు లేదు. మోటార్లు ఆగేట్టుంటే సెల్లార్‌లోకి నీళ్లు రానివ్వడమే దాన్ని కాపాడుతుంది. విజయవాడలాంటి ఇసుక నేలలో మోటారు నీటిని బకెట్‌లో పట్టి చూడండి. అడుగున ఇసుక తేలితే అది పక్కింటి కిందినుంచి వస్తున్నదే.

బిల్డర్ పలకకపోతే టౌన్ ప్లానింగ్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. దాంతోపాటు, దారి పక్కనున్న గుంతకు కంచె వేయించే ఆదేశం ఆర్డీఓ స్థాయి మేజిస్ట్రేట్ ఇవ్వవచ్చు. పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో సెక్షన్ 133, దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో ఇప్పుడు సెక్షన్ 152. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ఫ్లాటు కొన్నవాళ్లకు అక్కరకొస్తుంది, పక్కింటివాళ్లకు కాదు. కట్ట పని జూన్ లోపే అయిపోవాలి. అప్పటిదాకా పార్కింగ్‌లోని పగులుకు అటూ ఇటూ రెండు మేకులు కొట్టి, వారానికోసారి మధ్య దూరం కొలిచి తేదీతో రాసిపెట్టండి. వానలేని వారంలోనూ ఆ దూరం పెరుగుతుంటే, కార్లు ఆ వైపు నుంచి అదే రోజు తీసేసి, స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను పిలిచాకే మిగతా మాటలు.