సీజీపీఏ 7.3తో ఎన్‌పీటీఈఎల్ కోర్సులు: బీటెక్‌లో వాడాక నా సమీక్ష

నాది సింగరాయకొండ. ఒంగోలు దగ్గర, జేఎన్‌టీయూ కాకినాడ కింద ఉన్న కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ బ్రాంచి) చదివాను. సీజీపీఏ 7.3, సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్‌లో ఒక సప్లీ. చెడ్డ రికార్డేమీ కాదు. కానీ ఎంఎస్ రీసెర్చ్ (పరిశోధన ప్రధానంగా సాగే పీజీ) సీటుకు అప్లై చేసేసరికి ఎనిమిది, తొమ్మిది ఉన్నవాళ్లు ముందు వరసలో ఉంటారు. అందుకే బీటెక్ రెండో ఏడాది నుంచి ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ వేదికలో కోర్సులు చేస్తూ వచ్చాను. నాలాంటి మార్కులున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది "అన్నా, ఇవి అప్లికేషన్‌కి పనికొస్తాయా" అని అడుగుతున్నారు. వాళ్ల కోసమే ఇది.

పనికొస్తాయి. కానీ సర్టిఫికెట్ల సంఖ్య వల్ల కాదు. మార్కుల మెమోలో ఎక్కడ తక్కువ కనిపిస్తోందో సరిగ్గా ఆ సబ్జెక్టులోనే కోర్సు చేసి మంచి స్కోరు తెచ్చుకుంటేనే దానికి విలువ.

తెలియనివాళ్ల కోసం: ఇది ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి మొదలుపెట్టిన కార్యక్రమం. కోర్సులు ఏటా జనవరిలో, జులైలో మొదలవుతాయి. నాలుగు, ఎనిమిది, పన్నెండు వారాల కోర్సులుంటాయి. పాఠాలు వినడం ఉచితం, పరీక్షకే ఫీజు. నేను రాసినప్పుడు ఒక్కో పరీక్షకు వెయ్యి రూపాయలు. వారంవారం ఇచ్చే అసైన్‌మెంట్లకు 25 మార్కులు, సెంటర్‌కి వెళ్లి రాసే మూడు గంటల పరీక్షకు 75. రెండూ కలిపి 60 దాటితే ఎలీట్, 75 దాటితే సిల్వర్, 90 దాటితే గోల్డ్.

నేను ఎక్కువ కష్టపడింది ఐఐటీ కాన్పూర్ ప్రొఫెసర్ ఆదిత్య జగన్నాథం గారి ప్రిన్సిపల్స్ ఆఫ్ సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ కోర్సు మీద. ఆయన ప్రతి మెట్టూ చేత్తో రాస్తూ, నోటితో చెబుతూ వెళ్తారు. మా క్లాసులో కన్వల్యూషన్ (రెండు సిగ్నల్స్‌ని కలిపి మూడోది రాబట్టే లెక్క) అంటే ఒక ఫార్ములా, అందులో వేసుకోవాల్సిన అంకెలు, అంతే. ఇక్కడ ఒక సిగ్నల్‌ని తిప్పి, జరిపి, గుణించి, కూడటం ఎందుకో అర్థమైంది. పెన్ను పట్టుకుని ఆయనతో పాటు రాస్తేనే ఒంటపడుతుంది. రైల్లో చూసి నేర్చుకుందామంటే కుదరదు. ఒంగోలు వెళ్లొచ్చే దారిలో నేను విన్న పాఠాన్నే మళ్లీ వినేవాణ్ని, కొత్త పాఠం మాత్రం ఇంట్లో టేబుల్ దగ్గరే. పరీక్ష సెంటర్ నెల్లూరులో పడింది. 81 వచ్చింది, సిల్వర్. సప్లీ పడిన సబ్జెక్టులోనే ఆ స్కోరు రావడం నా అప్లికేషన్‌లో అన్నిటికంటే బలమైన విషయమైంది.

చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రొఫెసర్ మాధవన్ ముకుంద్ గారి పైథాన్, డేటా స్ట్రక్చర్స్ కోర్సు కూడా చేశాను. ఎనిమిది వారాలు, చాలా శుభ్రంగా ఉంటుంది. ప్రోగ్రామింగ్ అసైన్‌మెంట్లు నిజంగా పని చేయిస్తాయి.

ఇక నాకు బాధ కలిగించే సంగతి. అసైన్‌మెంట్ జవాబులు వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి, క్లాసులో సగం మంది అక్కణ్నుంచే దించుతారు. కాలేజీ క్రెడిట్ల కోసమైతే అలా గడిచిపోతుందేమో. అప్లికేషన్‌కి మాత్రం అది ఎదురు తిరుగుతుంది. ఎందుకంటే సర్టిఫికెట్ మీద అసైన్‌మెంట్ మార్కులు, పరీక్ష మార్కులు విడివిడిగా వేస్తారు. 25కి 25 ఉండి, పరీక్షలో 75కి 32 ఉంటే చూసేవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. అలాంటి సర్టిఫికెట్ జత చేయకపోవడమే మేలు.

టైమింగ్ గురించి ఎవరూ చెప్పరు. జులై సెషన్ పరీక్షల ఫలితాలు వచ్చేసరికి ఏడాది చివరికొస్తుంది. విదేశీ యూనివర్సిటీల గడువులు చాలావాటికి డిసెంబరు, జనవరిల్లోనే. పైగా అదే సమయంలో మన సెమిస్టర్ పరీక్షల టెన్షన్. కాబట్టి ముఖ్యమైన కోర్సును థర్డ్ ఇయర్‌లో జనవరి సెషన్‌కే పూర్తి చేసుకోండి.

రెకమండేషన్ లెటర్ ఎన్‌పీటీఈఎల్ ప్రొఫెసర్ల నుంచి వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. వేలమందిలో మనమెవరో వాళ్లకు తెలిసే అవకాశం లేదు. నేను మా కాలేజీ మేడం దగ్గరికి సర్టిఫికెట్ పట్టుకెళ్లి, అదే సబ్జెక్టులో మినీ ప్రాజెక్టుకు గైడ్‌గా ఉండమని అడిగాను. ఈసీజీ (గుండె) సిగ్నల్‌లో నాయిస్‌ని ఫిల్టర్‌తో తీసే చిన్న పని. లెటర్‌లో ఆవిడ రాసింది సర్టిఫికెట్ గురించి కాదు, ఫిల్టర్ పనిచేయనప్పుడు నేను తప్పు ఎలా వెతికానో దాని గురించి. ఎస్‌ఓపీలో (ఎందుకు చదవాలనుకుంటున్నామో అప్లికేషన్‌తో రాసిచ్చే వ్యాసం) సప్లీ గురించి రెండు వాక్యాలే పెట్టాను: ఏ సబ్జెక్టు, ఆ తర్వాత ఏం చేశాను. జ్వరం, ఇంటి సమస్యలు, కాలేజీ మీద ఫిర్యాదులు ఏవీ రాయలేదు.

ఒక ఐఐటీలో ఎంఎస్ రీసెర్చ్ ఇంటర్వ్యూకు గేట్ (ఇంజినీరింగ్ పీజీ ప్రవేశ పరీక్ష) స్కోరుతో పిలుపు వచ్చింది. అక్కడ సర్టిఫికెట్ చూపించమని ఎవరూ అడగలేదు. బోర్డు మీద రెండు సిగ్నల్స్ గీసి కన్వల్యూషన్ చేయమన్నారు, తర్వాత శాంప్లింగ్ రేటు (సిగ్నల్‌ని సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తామో ఆ లెక్క) తగ్గిస్తే ఏమవుతుందని అడిగారు. చేశాను, చెప్పాను. సీటు వచ్చింది. అప్లై చేసిన మిగతా చోట్ల కొన్నిటిలో పిలుపే రాలేదు. గేట్ స్కోరు కటాఫ్ దాటకపోతే ఏ సర్టిఫికెట్టూ మనల్ని ఇంటర్వ్యూ గది దాకా తీసుకెళ్లదు, ఇది స్పష్టంగా తెలుసుకోండి.

లోపాలూ ఉన్నాయి. కొన్ని కోర్సుల్లో పాత వీడియోలే ప్రతి సెషన్‌లో మళ్లీ వస్తాయి. ఫోరంలో అడిగిన సందేహానికి జవాబు వచ్చేసరికి ఆ వారం అసైన్‌మెంట్ గడువు దాటిపోతుంది. ఇంగ్లిష్ ఇబ్బంది అయితే కొన్ని కోర్సులకు తెలుగు అనువాదాలున్నాయి, కోర్సు ఎంచుకునే ముందే వెతికి చూసుకోండి.

తొమ్మిది దాటిన సీజీపీఏ ఉంటే ఆ సమయం గేట్‌కి పెట్టుకోవచ్చు. ఏడుకీ ఎనిమిదికీ మధ్య ఉన్నవాళ్లు మాత్రం మార్కుల మెమో ముందు పెట్టుకుని, అతి తక్కువ గ్రేడు వచ్చిన కోర్ సబ్జెక్టు ఏదో చూసి, వచ్చే సెషన్‌లో దాన్నే తీసుకోండి. ఒక సెషన్‌కి ఒకటి చాలు.