రస్ట్ కంపైలర్‌ని కొన్నేళ్లు వాడాక: ఒక్క ఎర్రర్ గురించి

రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష వేగం గురించి, మెమరీ భద్రత గురించి ఇప్పటికే బోలెడంత రాశారు, నేను వాటి జోలికి పోను. నన్ను దీనికి అలవాటు చేసింది దాని కంపైలర్ (మన కోడ్‌ని ప్రోగ్రామ్‌గా మార్చే సాధనం) ఇచ్చే ఒక్క ఎర్రర్: ఈ0308, మిస్‌మ్యాచ్డ్ టైప్స్, అంటే విలువల రకాలు కలవకపోవడం.

యూ32 (32 బిట్ల సంఖ్య) అని ప్రకటించిన వేరియబుల్‌లో యూ64 (64 బిట్ల సంఖ్య) విలువ వేశామనుకోండి. కంపైలర్ ఆ విలువ కింద గీత గీసి, ‘యూ32 కావాలి, యూ64 దొరికింది’ అంటుంది. మనం యూ32 అని రాసిన చోట కూడా ఇంకో గీత గీసి, ‘అలా ఆశించింది దీని వల్లే’ అని చూపిస్తుంది. మార్చాల్సింది విలువనా, టైప్‌నా అన్నది అక్కడే తేలిపోతుంది. అంతకుముందు నాది సీ భాష. అందులో లాంగ్ టైప్ సంఖ్యని ఇంట్ టైప్‌లో పడేస్తే దాని కంపైలర్ జీసీసీ కిక్కురుమనదు. వాల్, ఎక్స్‌ట్రా అనే వార్నింగ్ ఆప్షన్లు రెండూ పెట్టినా అంతే, కన్వర్షన్ వార్నింగ్ విడిగా అడగాలి.

ఇంతగా నమ్మిన ఈ ఎర్రరే ఓసారి చుక్కలు చూపించింది. మా సర్వీస్‌లో యూయూఐడీ (ప్రత్యేక గుర్తింపు సంఖ్యల) క్రేట్‌ని, అంటే రస్ట్ లైబ్రరీని, వెర్షన్ 0.8 నుంచి 1కి మార్చగానే బిల్డ్ ఆగిపోయింది. ఎడిటర్‌లో ఎర్రగీత మీద మౌస్ పెడితే, కావాల్సింది యూయూఐడీ, దొరికింది యూయూఐడీ! రెండూ ఒకటే కదా, గొడవేంటి? టెర్మినల్‌లో పూర్తి మెసేజ్ తెరిస్తే అడుగున ఒక నోట్ ఉంది: ఒకే క్రేట్‌వి రెండు వేర్వేరు వెర్షన్లు వాడుతున్నారేమో అని. క్రేట్‌లని తెచ్చిపెట్టే రస్ట్ సాధనం కార్గో. వాడుతున్న క్రేట్‌ల జాబితా చూపే దాని ‘ట్రీ’ కమాండ్‌ని డూప్లికేట్స్ ఆప్షన్‌తో నడిపితే సంగతి దొరికింది. మేం వాడే డేటాబేస్ లైబ్రరీ ఇంకా 0.8 మీదే ఉంది. 0.8కీ 1కీ పొత్తు కుదరదు కాబట్టి కార్గో రెండింటినీ తెచ్చి పెట్టింది. పేరూ ఇంటిపేరూ కలిసిన ఇద్దరు వేరే మనుషులన్నమాట. చివరికి ఒకదాంట్లోంచి 16 బైట్లు తీసి, ఇంకోదాన్ని తయారుచేసే చిన్న ఫంక్షన్ రాసి గట్టెక్కాం. కంపైలర్ అన్నది నిజమే, కానీ అసలు సంగతి పై వరుసలో చెప్పి ఉంటే నా మధ్యాహ్నం మిగిలేది.

పైన మెచ్చుకున్న యూ64 ఉదాహరణలోనూ ఒక చిక్కుంది. దానికి కంపైలర్ ఇచ్చే సలహా ‘ట్రై ఇన్‌టు’ (టైప్ మార్చి చూడు), వెంటనే ‘అన్‌ర్యాప్’ (ఫలితం తీసుకో). విలువ పట్టకపోతే ప్రోగ్రామ్ పానిక్ అవుతుందని, అంటే నడుస్తూనే కుప్పకూలుతుందని, అదే మెసేజ్‌లో చెబుతుంది, దాచదు. కానీ రిలీజ్ టెన్షన్‌లో అంతదాకా ఎవరు చదువుతారు? సలహాని యథాతథంగా అతికించేస్తారు, బిల్డ్ పచ్చగా వెలుగుతుంది. కోడ్ రివ్యూలో ఇప్పుడు నేను ముందు వెతికేది ఆ అన్‌ర్యాప్‌నే. ఇటరేటర్లు (విలువల్ని ఒక్కొక్కటిగా అందించేవి) గొలుసుగా కలిపినప్పుడు వచ్చే టైప్ పేర్ల సంగతి సరేసరి, అవి తెరమీద పట్టక కంపైలర్ విడిగా ఫైల్లో రాసి పెడుతుంది.

మాది చిన్న టీమ్, ఒకసారి రాసిన కోడ్ ఏళ్ల తరబడి నడవాలి, అందుకని మాకు ఇది కలిసొచ్చింది. వారానికో డెమో చూపించాల్సిన ఉద్యోగమైతే నేను మళ్లీ పైథాన్‌కే వెళ్లేవాణ్ణేమో.